రుక్కమ్మ చేతిలో తాడు కొస

నారాయణఖేడ్
ఆగస్టు, ముసురు

బిడ్డా రోజా,

ఫోన్ చేసి అరవవద్దని ఎన్నిసార్లు చెప్పాలి? ఫోన్లో నీ గొంతు సీసాలో చిక్కిన తుమ్మెదలా వినిపిస్తుంది. చెవులు మొరాయించాయి గాని కళ్లు ఇంకా నా మాట వింటున్నాయి. కాబట్టి రాయి. మిషన్ బడిలో తరాల పిల్లల రాత దిద్దిన కళ్లివి. నీ కోడిగీతలు వాటికి ఒక లెక్క కాదు.

ఇక్కడ పెసర కోతకొచ్చిన వేళకు వాన పట్టుకుంది. రైతులు ఆకాశాన్ని తిడుతున్నారు. మన పాస్టరు అదే ఆకాశం వైపు చూసి స్తోత్రం చెబుతున్నాడు. పైన ఉన్నాయనకు ఎవరి మాట ముందు వినాలో తెలియక ఊరికే కురుస్తున్నాడు.

అసలు సంగతి పక్కింటి రుక్కమ్మది. ఆమె కుడి భుజం పట్టేసింది. జడ వేసుకోవడానికి కూడా చెయ్యి లేవడం లేదు. దవాఖానకు తీసుకుపోయాను. ఇక బరువులు లాగొద్దన్నాడు డాక్టరు. "ఇన్నొద్దులు లాగినయి ఎవరికి వాపసియ్యాలె, సారూ?" అని ఆయన్నే అడిగింది. ఆయన చీటీ రాస్తున్నట్టు తల దించుకున్నాడు.

మా రెండిళ్ల మధ్య గోడకు ఆనుకుని ఉన్న చేదబావి నీకు గుర్తుండే ఉంటుంది. ఆ లోతు నుంచి నీళ్లు ఒక్కరి వల్ల కాదు. ముందు నిలబడి నేను లాగుతాను. నా వెనక నిలబడి రుక్కమ్మ తాడు కొస పట్టుకుంటుంది. నేను చెయ్యి మార్చుకునేటప్పుడు బొక్కెన కిందికి జారకుండా ఆపేది ఆమే. లాగేదానికి ఊపిరి ఉండదు కాబట్టి మాట్లాడే పని కూడా ఆమెదే. ఎవరింట్లో ఏం వండారు, ఎవరు ఎవరితో మాట మానేశారు, అంతా నా వీపుకు చెబుతుంది. ఆమె గొంతు వినడానికి చెవులు అక్కర్లేదు, గోడలకు కూడా వినిపిస్తుంది. రోజుకు ఆరు బొక్కెనలు, ఆరు వార్తలు. నేను నోరు మూసుకుని వినే చోటు ప్రపంచంలో అదొక్కటే అని మీ తాత అనేవాడు.

నల్లా ఉంది కదా అంటావు. నల్లా నీళ్లల్లో మన కందిపప్పు ఉడకదు. మోటరు పెట్టించుకోమని మీ నాన్న జేమ్స్ అంటాడు. ఆయనకు ప్రతి కష్టానికీ ఒక స్విచ్ కనిపిస్తుంది. మా బావిలో ఉన్న నీళ్లకు మోటరు పెడితే మట్టి వస్తుంది.

నువ్వు పడవ మీద తాళ్లు లాగే ఉద్యోగం చేస్తున్నావు కదా. వీధిలో అడిగిన వాళ్లకు ఓడ ఇంజనీరని చెబుతున్నాను, నువ్వొచ్చి కాదనకు. ఏడో తరగతికి గిరకల పాఠం చెప్పినదాన్నే గాని, ముసలిది ఒక్కతే నీళ్లు చేదుకునే ఉపాయం ఆ పాఠంలో లేదు. నీ దగ్గరుంటే రాయి.

నీతో పాటు పడవెక్కిన సిర్గాపూర్ పిల్ల సంతోషి క్షేమమా? నీ తాడు కొస ఇంకా ఆమే పడుతోందా?

మీ అమ్మమ్మ
గ్రేసమ్మ


పణజి, గోవా
సెప్టెంబర్

అమ్మమ్మా,

నీ ఉత్తరం మా ఓనర్ సారుకు చూపించిన. ఆయనకు తెలుగు రాదు. అక్షరాలు చూసి, మీ అమ్మమ్మ జడ్జియా అని అడిగిండు. అవునన్న.

నువ్వు అడిగిన ఉపాయం నా చేతులనే ఉన్నది. మా పడవ తెరచాపతోటి నడుస్తది. తెరచాపల గాలి నిండిందంటే దాని తాడును మనిషి చేతులు గుంజలేవు. అందుకే వించ్ ఉంటది. చిన్న బిందెంత స్టీలు డ్రమ్ము. తాడును దానికి మూడు చుట్లు చుట్టి, నెత్తిన హ్యాండిల్ పెట్టి తిప్పితే లోపలి పళ్లచక్రాలు పనంత చేస్తయి. వదిలేసినా డ్రమ్ము వెనక్కి తిరగదు. ఒక్కటే చిక్కు. చుట్టిన తాడు జారకుండ అవతలి కొసను ఎవరన్న పట్టుకొని ఉండాలె. హైదరాబాద్ చెరువుల మాకు పడవ నేర్పిన కాడి నుంచి నేను తిప్పుతుంటే సంతోషి కొస పట్టేది.

ఈ వానకాలం మా పడవకు వేరే రకం బిగించిండ్రు. సెల్ఫ్ టెయిలింగ్ వించ్ అంటరు. డ్రమ్ము పైన రెండు పళ్ల పళ్లేలు దవడల లెక్క ఉంటయి. తాడు కొసను తెచ్చి గా దవడల్ల ఇరికిస్తే చాలు, అదే పట్టుకుంటది, అదే గుంజుతది. ఇంకో మనిషితోటి పనే లేదు. ఒక్కదాన్నే తిప్పుకుంట, ఒక్కదాన్నే ఆపుకుంట. ఎంత హాయిగున్నదో చెప్పలేను.

పక్క యార్డుల ఒక పాత పడవను విప్పుతుండ్రు. దానికున్న గసోంటి దవడల వించే ఒకటి అడిగి తీసుకున్న. ఉప్పు గీకి, కడిగి, కొత్త గ్రీజు పెట్టిన. బస్సు పార్శిల్ల వస్తది. వెల్డింగ్ బస్వరాజ్ మామతోటి బావి గట్టు మీద బిగించు. తాడు మాత్రం గడియారం ముల్లు తిరిగే దిక్కే చుట్టాలె. మర్చిపోకు.

రుక్కమ్మ అవ్వ భుజానికి ఇగ ఆరామ్ అని చెప్పు.

నీ రోజ


నారాయణఖేడ్
అక్టోబర్, బతుకమ్మ పూలు వాడిన వారం

బిడ్డా రోజా,

పార్శిల్ చేరింది. బస్టాండులో విప్పి చూసిన వాళ్లలో సగం మంది చెరుకు రసం మిషన్ అన్నారట, మిగతా సగం బాంబు అన్నారట. పార్శిల్ గుమాస్తా జగన్నాథ్ నా పాత శిష్యుడు. బాంబైనా టీచరమ్మది కదా అని ఆటోలో వేసి పంపించాడు. అంత భయం పెట్టి చదువు చెప్పినందుకు ఇన్నాళ్లకు ఫలితం దక్కింది.

బస్వరాజ్ ఇనుప పలక వేసి బిగించాడు. మొదటి రోజు నేను హ్యాండిల్ తిప్పితే బొక్కెన పైకి రావడం మాని ఇంకా లోపలికి పోయింది. కారణం చెబుతాను, నవ్వకు. ఈ బావి దగ్గర గుంజకు తాడు కట్టేటప్పుడు ఎప్పుడూ ఎడమకే చుడతాం. చెయ్యి దాని అలవాటు అది చూసుకుంది. గడియారం ముల్లు సంగతి నువ్వు రాశావు, నేను చదివాను. మా గోడ గడియారం ఆగిపోయి చాలా కాలమైంది, దాని ముల్లు ఎటు తిరిగేదో ఎవరిని అడగను?

రెండో రోజు కుడికి చుట్టాను. బొక్కెన లేచింది. కవ్వం తిప్పినంత కష్టం కూడా లేదు. సగం దారిలో హ్యాండిల్ వదిలేశాను. బొక్కెన అక్కడే, నీళ్లతో, గాలిలో ఆగింది. ఆ బావి దగ్గర పని మధ్యలో ఆగి ఊపిరి పీల్చుకోవడం నా బతుకులో అదే మొదలు.

రుక్కమ్మ గోడ పక్క బండ మీద కూర్చుని అంతా చూసింది.

"మంచిగ పట్టుకున్నది, టీచరమ్మా" అంది.

"నీ కంటే గట్టిగా" అన్నాను.

నవ్వింది. కొంగు భుజం మీదికి లాక్కుని ఇంట్లోకి పోయింది.

ఆ నీళ్లతో వండిన పప్పు పంపించాను. సాయంత్రం గిన్నె కడిగి పంపింది. రుక్కమ్మ ఎన్నడూ ఉత్త గిన్నె పంపదు. ఏమీ లేకపోతే ఒక ఉల్లిగడ్డయినా వేస్తుంది. భుజం నొప్పిలో మరచిపోయి ఉంటుంది.

నీ యంత్రానికి నూటికి తొంభై. పది మార్కులు అది చేసే చప్పుడుకు తగ్గించాను. తిప్పినంత సేపూ పళ్లు కొరుకుతున్నట్టు, నా చెవులకు కూడా వినిపించేలా టకటకమంటుంది.

మీ అమ్మమ్మ


పణజి
నవంబర్

అమ్మమ్మా,

తొంభై అంటే నీ చేతి నుంచి ఫస్ట్ క్లాసు కంటే ఎక్కువ. గా టకటక లోపలుండే చిన్న ఇనుప నాలుకలది. డ్రమ్ము వెనక్కి తిరగకుండ ఆపేది అవే. వాటికి మాత్రం బండి ఇరుసుకు పెట్టినట్టు కందెన పెట్టకు. జిగురుకు అంటుకపోతే డ్రమ్ము ఉల్టా తిరిగి హ్యాండిల్ చేతిని కొడతది. నీ కొంగు కూడ డ్రమ్ము దగ్గరికి రానియ్యకు.

సీజన్ మొదలైంది. మొన్న గాలి బాగ లేచింది. నాలుగు వించ్‌లు, నేను ఒక్కదాన్నే. ఇటు తిప్పి, అటు దుంకి, అన్నీ జల్దీ సర్దిన. సారు శభాష్ అన్నడు. ఎండకు నల్లబడ్డ, ఎవ్వరు గుర్తుపట్టరు. అన్నం మంచిగనే తింటున్న.

నీ రోజ


నారాయణఖేడ్
నవంబర్ చివర, చలి మొదలైంది

బిడ్డా,

రుక్కమ్మ బావి దగ్గరికి రావడం మానేసింది.

మొదట బోరంచ పోచమ్మ గుడికి పోతున్నానంది. సరే అనుకున్నాను. ఆమె పొయ్యి పొగ మాత్రం బోరంచ పోలేదు, రోజూ పొద్దున్నే గోడ దాటి వచ్చి నా కళ్లలో పడుతోంది. గోడ మీదుగా తల పెట్టి అడిగాను.

"పోచమ్మ దర్శనం అయిందా?"

"అయ్యింది."

"ఇంట్లో కూర్చునేనా?"

"మీ దేవుడు యాడికెల్లి మొక్కినా ఇంటడు గద. మా అమ్మ ఇనదా?"

గోడ మీది తల దించుకుని వచ్చేశాను. ఆ మాట ఎవరికీ చెప్పకు.

నిన్న రేకు పెట్టె దులిపి ఎండలో పెట్టింది. కంగ్టిలో కూతురు శంకరమ్మ దగ్గరికి పోతుందట. ఎన్ని రోజులకు అంటే, "పోయినంక చూస్త. ఈడ నాతోటి ఏం పనున్నది, టీచరమ్మా? నీ తాడు కూడ మిషనే పడుతున్నది" అంది. కోపంగా అనలేదు. నాకు భయం వేసింది అందుకే. ఆమె కోపం ఎంత సేపుంటుందో నాకు తెలుసు, పొయ్యి మీది పాలంత సేపు. ఇది అది కాదు.

మీ తాత చనిపోయిన వారంలో సంఘం వాళ్లంతా వచ్చి వాక్యాలు చదివారు, పాటలు పాడారు. మంచివాళ్లు, కాదనను. రుక్కమ్మ మాత్రం పొద్దున్నే బావి దగ్గర నా వెనక నిలబడి, తన నల్లకోడి పొదగడం మధ్యలో లేచిపోయిన సంగతి ఎత్తుకుంది. నేను ఏడుస్తూ లాగాను. ఆమె చెబుతూనే ఉంది. కోడి సంగతి అయిపోతే పిల్లి సంగతి. ఒక్కసారి కూడా ముందుకు వచ్చి నా మొహం చూడలేదు. ఆ వారమంతా నేను ఏడ్చింది అక్కడొక్కచోటే.

ఇప్పుడు ఆరు బొక్కెనలూ వస్తున్నాయి. వార్త ఒక్కటీ రావడం లేదు. పప్పు ఉడుకుతోంది, నోటికి పోవడం లేదు.

ఈ యంత్రం నోరు కట్టేయడానికి వీలుందా? అడుగుతున్నది యంత్రం నోరు గురించే. నా నోరు మీ తాత వల్లే కాలేదు. "నీ కంటే గట్టిగా" అన్నానని రాశాను కదా. రాసేటప్పుడు నాకు అది తమాషాగానే ఉంది.

ఇంకో సంగతి. నీ రెండు ఉత్తరాల్లోనూ వించ్ క్షేమం వివరంగా ఉంది. నేను అడిగింది సంతోషి క్షేమం. రాసిన జవాబుల కంటే వదిలేసిన ప్రశ్నే పిల్లల్ని పట్టిస్తుంది.

మీ అమ్మమ్మ


పణజి
డిసెంబర్

అమ్మమ్మా,

ముందు నీ పని. రుక్కమ్మ అవ్వ పెట్టె సర్దుతున్నదంటే ఇది జల్దీ అందాలె.

నోరు కట్టేసుడు అక్కర్లేదు. తాడును దవడల్ల పెట్టకు, అంతే. మూడు చుట్లు చుట్టి కొస అవ్వ చేతికియ్యి. బరువంత డ్రమ్ము మోస్తది, కొస పట్టినోళ్లకు బరువే తెల్వదు. రెండు వేళ్లు చాలు. సంతోషి ఒక చేతిల కొస పట్టుకొని ఇంకో చేత్తోటి పల్లీలు తినేది. అవ్వ కుడి భుజం కదిలిచ్చుడే ఉండదు. కూసొని ఎడమ చెయ్యితోటి పట్టొచ్చు.

మొదలే నీకు గిట్ల రాయాల్సింది. కొస పట్టే మనిషి లేకుంటెనే సుఖం అని నా తలకాయల ఉండె. అదే నీకు పంపిన.

సంతోషి ఈ పడవ మీద లేదు. కొత్త వించ్‌లు వచ్చినంక సారు ఒక్కరు చాలన్నడు. ఆమె నోరు తెరవకముందే నేనుంట అన్న. ఆమె బ్యాగు సర్దుకొని టూరిస్టుల పడవ మీద చేరింది. దినాం సాయంత్రం మా ముందుకెళ్లే పోతది. చెయ్యి ఊపుతది. నేను హ్యాండిల్ తిప్పుతున్నట్టు తల వంచుకుంట.

గాలి లేచిన దినం సారు శభాష్ అన్నడని రాసిన గద. అన్నంక నేను పక్కకు చూసిన, ఆమెకు చెపుదామని. పక్కకు వించ్ ఉండె.

నీ రోజ


నారాయణఖేడ్
డిసెంబర్, చర్చి మీద నక్షత్రం కట్టిన మర్నాడు

బిడ్డా రోజా,

నీ ఉత్తరం వచ్చిన పొద్దుకే రుక్కమ్మ రేకు పెట్టె గడప దాటింది. కంగ్టి జీపు వీధి మొదట్లో నిలబడి హారన్ కొడుతోంది.

పోవద్దని బతిమాలుదామని గోడ దాకా పోయాను. బతిమాలడం నాకు చేతకాదని గోడ దగ్గర గుర్తుకొచ్చింది. వెనక్కి వచ్చి డ్రమ్ముకు మూడు చుట్లు చుట్టాను, కుడికే. కొసను దవడల్లో పెట్టకుండా గోడ మీదుగా ఆమె వాకిట్లోకి విసిరాను. అవతల కోళ్లు గోల పెట్టాయి. నేను హ్యాండిల్ తిప్పడం మొదలుపెట్టాను.

కొస ఎవరూ పట్టలేదు కదా, డ్రమ్ము తిరుగుతోంది, తాడు దాని మీద జారుతోంది, బొక్కెన నీళ్లలోనే కూర్చుంది. తిప్పుతూనే ఉన్నాను. చాలా సేపటికి గోడ మీద రుక్కమ్మ తల లేచింది.

"ఏంది, ఉత్తగనే తిప్పుతున్నవ్?"

"నీళ్లు చేదుతున్నా."

"గట్ల తిప్పితె రేపటిదాంక రావు. కొస పట్టాలె."

"పట్టేవాళ్లు కంగ్టి పోతున్నారట."

"నీ మిషన్‌కు ఏం రోగమొచ్చింది? నా కంటె గట్టిగ పడతదంటివి."

"పడుతుంది. అంతకు మించి దానికేం చేతకాదు. ఇన్ని రోజులుగా పక్కనే ఉన్నాను, వీధిలో ఒక్క ముచ్చటైనా చెప్పలేదు."

ఆమె నవ్వలేదు. భుజం మీద చెయ్యి వేసుకుంది.

"నాతోటి కాదు, టీచరమ్మా. చెయ్యి లేస్తలేదు. నీకెరికే."

"భుజం ఎవరడిగారు? ఎడమ చేతివి రెండు వేళ్లు. పీట వేసుకుని కూర్చో. పట్టి చూడు, బరువుంటే వదిలెయ్."

జీపు మళ్లీ హారన్ కొట్టింది. ఆమె అటు చూసింది, తాడును చూసింది. తర్వాత తల గోడ కిందికి దిగిపోయింది. నేను హ్యాండిల్ పట్టుకుని నిలబడ్డాను. బిడ్డా, నీకు ఎంత గాలి లేస్తే భయం వేస్తుందో నాకు తెలియదు గాని, నాకు ఆ క్షణంలో గాలి లేకుండానే భయం వేసింది.

గోడ మీద తాడు బిగిసింది.

తిప్పాను. గిరక కిర్రుమంది. బొక్కెన నీళ్లు చిందిస్తూ లేచింది.

"అవ్వో, బరువే లేదు గదనే" అంది గోడ అవతల నుంచి. నన్ను 'టీచరమ్మా' అనకుండా 'గదనే' అనడం అదే మొదటిసారి, పట్టించుకోలేదు.

జీపు మనిషి వచ్చి పెట్టె ఎక్కించాలా అని అడిగాడు. "గీ బొక్కెన రానియ్యి" అంది. అది వచ్చాక ఇంకోటి అంది. మూడో బొక్కెన సగం లేచేసరికి, సంగప్ప కోడలు పుట్టింటి నుంచి మేకను తెచ్చుకున్న సంగతి మొదలైంది. ఇన్ని రోజులు దాచుకున్న వార్తలు, ఆరు బొక్కెనల్లో పడతాయా? ఇంట్లో ఉన్న గాబులన్నీ నింపాము. జీపు ఎప్పుడు పోయిందో మా ఇద్దరికీ తెలియదు. రేకు పెట్టె మీద కోళ్లు ఎక్కి కూర్చున్నాయి.

సాయంత్రం పప్పు గిన్నె వాపసు వచ్చింది. అందులో రెండు ఉల్లిగడ్డలున్నాయి.

సంతోషి పడవ రోజూ మీ ముందు నుంచే పోతుందన్నావు. నేను గోడ మీదుగా విసిరాను. నీకు మధ్యలో గోడ కూడా లేదు.

మీ అమ్మమ్మ


పణజి
జనవరి

అమ్మమ్మా,

నిలబడే రాస్తున్న, గాలి ఉన్నది.

సంతోషి పడవ పోతుంటే తల వంచుకోలె. వించ్ దవడల్లకెల్లి తాడు కొస తీసి పైకెత్తి చూపించిన. ఆమె చెయ్యి ఊపలె, ఉత్తగ చూసింది. ఆయె, పనైపోయింది అనుకున్న. మొన్న ఆమెకు సెలవు దినం. చెప్పకుండ వచ్చి పడవెక్కింది. సీద నా పక్కకొచ్చింది. తాడు కొస చేతిలకు తీసుకొని కూసున్నది.

"పల్లీలేవి?" అన్నది.

నేను తేలె. ఇగ ఆ దినమంత తిట్టింది. మంచిగనిపించింది.

దూరం పోయేటప్పుడు ఇద్దరం కావాలె అని సారును అడిగిన. చూద్దాం అన్నడు. కాదనలె. ఆయనకు మళ్ల మళ్ల అడుగుత. అడుగుడు నీ దగ్గరనే నేర్చుకున్న.

రుక్కమ్మ అవ్వ కంగ్టి పోయిందా, లేదా?

నీ రోజ


నారాయణఖేడ్
జనవరి, కందులు ఇంటికొస్తున్న రోజులు

బిడ్డా రోజా,

కంగ్టి పోయింది, వచ్చింది. శంకరమ్మ ఇంట్లో నల్లా తిప్పితే నీళ్లు వస్తాయట, ఎవరితో ఏం మాట్లాడాలో తోచలేదట. వస్తూ సంచెడు పల్లీలు తెచ్చింది. సగం నీకు పంపుతున్నాను. నీకని కాదు, సంతోషికి. లెక్క చూసి ఇవ్వు, నువ్వు మధ్యలో తినకు.

ఇక్కడ కొత్త చిక్కు వచ్చి పడింది. చేతులతో లాగిన రోజుల్లో నాకు ఊపిరి ఉండేది కాదు, ఆమె చెప్పేది, నేను వినేదాన్ని. ఇప్పుడు హ్యాండిల్ తిప్పడానికి ఊపిరి ఖర్చు కావడం లేదు. ఆమె ఒక మాట అంటే నేను రెండు అంటున్నాను. నిన్న సంగప్ప మేక సంగతిలో ఆమె చెప్పిన దాంట్లో మూడు తప్పులు దిద్దాను. రుక్కమ్మ తాడు పట్టుకునే ఆగిపోయింది.

"టీచరమ్మా, మునుపే మంచిగుండె."

"ఏం?"

"మునుపు నువ్వు గుంజుతుంటివి, నేను చెప్తుంటి. ఇప్పుడు నాకు సందు దొరుకుతలేదు. గీ మిషన్ నా భుజాన్ని బతికిచ్చింది గని నా నోటిని సంపుతున్నది."

రాత్రంతా ఆలోచించాను. యంత్రాన్ని తీసేస్తే ఆమె భుజం పోతుంది. ఉంచితే ముచ్చట పోతుంది. సామాన్య యంత్రాల పాఠంలో దీనికీ జవాబు లేదు.

అందుకని ఇవాళ రెండో బొక్కెన నుంచి ఆయాసం వస్తున్నట్టు నటించడం మొదలుపెట్టాను. హ్యాండిల్ రెండు తిప్పులు తిప్పి, ఛాతీ మీద చెయ్యి వేసుకుని, నోరు తెరిచి ఊపిరి లాగాను. పాత రోజుల్లో లాగే మేక సంగతి మళ్లీ మొదటి నుంచి వచ్చింది, ఆ మూడు తప్పులతో సహా. నేను దిద్దలేదు.

నటిస్తున్నానని ఆమెకు తెలుసు. ఇప్పుడు ఆమె నా వెనక లేదు. వీధి వాళ్లు కాసింత గోడ కూల్చి దారి చేసి పెట్టారు, ఆ సందులో పీట వేసుకుని నాకు ఎదురుగా కూర్చుంటుంది. నా మొహం బాగా కనిపిస్తుంది. అయినా కొస వదలకుండా, మొహం పక్కకు తిప్పుకుని, కోళ్ల వైపు చూస్తూ చెప్పుకుపోయింది.

మీ అమ్మమ్మ